ఎదురుగా కూర్చున్న టీచరు

ఆదోనిలో శిరుగుప్ప రోడ్డుకు అవతల, దూది మిల్లుల వెనక సందులో దస్తగిరమ్మ ఇల్లు. ఇరవై ఎనిమిదేళ్ల పాటు ఆ ఇంటి ముందుగది కుట్టు బడి. పొద్దున పదింటికి ఒక జట్టు, అన్నాలు తిన్నాక రెండింటికి ఇంకో జట్టు. పత్తి కాలంలో మిల్లుల నుంచి తేలివచ్చే దూది నూగు గుడ్డ ముక్కల మీద వాలుతుంటే ఆడపిల్లలు ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ సుద్దతో గీతలు గీసుకునేవాళ్లు. మొదటి నెల ఎవరి చేతికీ గుడ్డ ఇచ్చేది కాదామె. పాత పేపర్ల మీదే కోతలు. "పేపరు సెడిపోతే ఇంకో పేపరు ఉండాది. గుడ్డ సెడిపోతే ఇంట్లో మీయమ్మ ఊరుకుంటాదా?" అనేది.

మంగళవారం ఎవరింట్లో ఏం వండారో, ఎవరి ఆడబిడ్డ ఏమన్నదో అన్నీ ఆ గదిలోకి వచ్చేవి. మిషన్ల చప్పుడులో నవ్వులు వినపడకపోయినా భుజాలు కదలడం చూసి దస్తగిరమ్మకు తెలిసిపోయేది. తెలియనట్టే ఉండేది. మిల్లులో తూకం పని చేసే భర్త బడే సాబ్ మధ్యాహ్నం ఇంటికి వస్తే వాకిట్లో రాశిగా పడి ఉన్న చెప్పుల మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కోవాల్సి వచ్చేది.

తరువాత తరువాత రెడీమేడ్ జాకెట్లు వచ్చాయి. కరోనాకు ముందే రెండు జట్లు కాస్తా ఒకటయ్యాయి. కరోనా వచ్చి ఆ ఒకటీ ఆగిపోయింది. అయిదు మిషన్లలో నాలుగు అడిగినవాళ్లకు ఇచ్చేసి, తన పాత నల్ల మిషను మాత్రం ఉంచుకుంది. ముందుగదిలో ఇప్పుడు మంచం, టీవీ ఉన్నాయి. చెప్పులు రెండే జతలు.

పోయిన ఏడాది ఒక ఆదివారం అర్చన వచ్చింది. ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ల పిల్ల. తల్లి శ్రీశైలమ్మ పదో తరగతి సెలవుల్లో ఇక్కడికి పంపి కుట్టు నేర్పించింది. ఇప్పుడు కర్నూలులో ఒక చిన్న కంపెనీలో పని చేస్తోంది. ఫోనులోనే పాఠాలు చెప్పుకునే యాప్ ఒకటి తయారు చేస్తున్నారట.

"టీచరమ్మా, పాఠాలు చెప్పేవాళ్లకు అందులో ఏమేమి కావాలో అడిగి రమ్మని పంపినారు. లెక్కల సార్లను, ఇంగ్లీషు మేడాలను అడిగినాం. చేతిపని నేర్పేవాళ్లను ఒక్కరిని గూడా అడగలేదు. నువ్వు గుర్తొచ్చినావు" అంది అర్చన, ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి.

"నాకేం తెలుసు పాపా యాప్ సంగతి?"

"యాప్ సంగతి నాకు తెలుసు. పాఠం సంగతి నువ్వు సెప్పు."

అర్చన తాము ముందే అనుకున్నవి ల్యాప్‌టాప్‌లో చూసి వరసగా చదివింది: పరీక్షలు, మార్కులు, ఎక్కువ మార్కులొచ్చిన వాళ్ల పట్టిక, చివర సర్టిఫికెట్. దస్తగిరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ పట్టిక వద్దు. ముందున్నదాన్ని చూసి వెనకున్నది మానేస్తాది. నా మొగం గూడా సూపించొద్దు. నా చేతులు సూపించు, పైనుంచి. మొగం చూసి ఎవురు నేర్చుకుంటారు జాకెట్టు? ఇంగోటి. పల్లెల్లో ఫోను మొగోళ్ల చేతిలో ఉంటాది. ఇంటికొచ్చినాక ఒక గంట దొరికితే ఎక్కువ. ఆ గంటలో సిగ్నలు లేకపోతే? పాఠం ముందే ఫోనులోకి దిగిపోవల్ల. వాళ్లు కుట్టిన ముక్క ఫోటో తీసి పంపితే, ఈడ తప్పు అని నేను ఏలుతో గీత గియ్యల్ల. ఎవురు రాలేదో నాకు తెలియల్ల."

అర్చన రాసుకుంటూ పోయింది. దస్తగిరమ్మ చెప్పినవన్నీ కాకపోయినా చాలావరకు చేశారు. నెలన్నర తర్వాత అర్చన వచ్చి మంచం జరిపి, మిషనుకు పైన కర్ర కట్టి ఫోను బిగించింది. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేశారు. బడే సాబ్ చెమటలు కక్కుతూ వాకిట్లో నిలబడి, సందులో హారను కొట్టే ఆటోలను చెయ్యి ఊపి నిమ్మళంగా పొమ్మనేవాడు. పన్నెండు పాఠాలు తీశారు.

మొదటిసారి నలభైమంది చేరారు. ఆదోని, కోడుమూరు, గోనెగండ్ల చుట్టుపక్కల ఆడవాళ్లు. ఫోటోలు రావడం మొదలైంది. నేలమీద, మంచం మీద, ఒకామె అయితే గడ్డివాము మీద పరిచి తీసి పంపింది. దస్తగిరమ్మ కళ్లద్దాలు సవరించుకుని ఒక్కొక్క ఫోటో మీదా ఎర్రగీత గీసి, తప్పేమిటో నోటితో కూడా చెప్పి పంపేది. ఏళ్ల తర్వాత ఆమె గొంతు మళ్లీ బడి గొంతయింది. వంటింట్లోకి కూడా వినపడుతుంటే బడే సాబ్ టీవీ శబ్దం తగ్గించుకునేవాడు.

మూడోవారంలో ఒక పేరు పక్కన ఎర్ర చుక్క కనబడింది. భీమమ్మ, గోనెగండ్ల. నాలుగో పాఠం దగ్గర ఆగిపోయింది. చంక వంపు కత్తిరించే పాఠం అది. ముందు మూడు పాఠాల ఫోటోలూ వచ్చాయి. గీతలు ఎంత చక్కగా గీసిందంటే దస్తగిరమ్మ వాటిని బడే సాబ్‌కు కూడా చూపించింది. ఆ గీతలు గీసినామె ఎందుకు ఆగిపోయింది?

దస్తగిరమ్మ అర్చనకు ఫోను చేసింది.

"ఆగిపోయినవాళ్లకు యాప్ ఒక మెసేజి పంపుతాది టీచరమ్మా. మీరు వెనకబడినారు, తొందరగా పూర్తి చేయండి అని."

"అట్లా సెప్తే ఎవురొస్తారు పాపా? ఆయమ్మ నంబరు ఇయ్యి, నేను మాట్లాడతా."

"నంబర్లు టీచర్లకు ఇయ్యకూడదు. కంపెనీ రూలు."

"నా బడిలో పిల్ల రెండు దినాలు రాకపోతే నేను వాళ్లింటికి పోతాంటి. ఈయమ్మ యాడుందో తెలియకుండా నేనేం టీచరు?"

అర్చన భీమమ్మను అడిగి, ఆమె సరేనన్నాకే ఇద్దరినీ కలిపింది. ఫోనులో భీమమ్మ గొంతు భయంభయంగా వచ్చింది.

"నాకు రాదులే అక్కా. రేయింబగళ్లూ సూసినా. మీరు సేసినట్టే సేస్తా, వంపు తిరగబడతాది. కత్తెర పోతే గీత కనపడదు. నా చెయ్యే మంచిది కాదు."

"ఏ చేత్తో కత్తిరిస్తావు నువ్వు?"

"ఎడం చేత్తో" అంది, ఏదో తప్పు ఒప్పుకున్నట్టు.

"నేనే మీయింటికి వస్తా, ఉండు" అని దస్తగిరమ్మ ఫోను పెట్టేసింది. బడి పెట్టిన కొత్తల్లో ఉజ్మా అని ఒక పిల్ల వచ్చేది. పద్నాలుగేళ్లు. కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే దస్తగిరమ్మ లాగి కుడిచేతిలో పెట్టేది. రోజూ అదే. ఒకరోజు వేళ్ల మీద టేపుతో కొట్టింది కూడా. పదో రోజు నుంచి ఆ పిల్ల రాలేదు. ఇంట్లో ఏదో పని ఉందిలే అనుకుంది తప్ప వెళ్లి అడగలేదు. ఇళ్లకు వెళ్లి అడగడం ఆమె మొదలుపెట్టింది ఆ తర్వాతే. ఎన్నో ఏళ్లకు, గదిలో చోటు చాలక తనకు ఎదురుగా కూర్చున్న ఎడమచేతి పిల్ల ఒకతి, పక్కన కూర్చున్నవాళ్లకంటే ముందే కోత పట్టేసింది. ఎందుకని చూస్తే, తన కుడిచెయ్యి ఆ పిల్లకు అద్దంలో ఎడమచెయ్యిలా కనపడుతోంది. ఆరోజు దస్తగిరమ్మకు సంతోషం కలగలేదు. ఉజ్మా వేళ్లు గుర్తొచ్చి అన్నం సయించలేదు. ఆమె ఎక్కడుందో కూడా అప్పటికి తెలియదు.

మరుసటి శనివారం దస్తగిరమ్మ ఎమ్మిగనూరు బస్సెక్కింది. అక్కడ బస్టాండులో అర్చన కలిసింది. ఇద్దరూ గోనెగండ్ల పోయారు. భీమమ్మ పొలం కూలికి పోయే మనిషి. ఆ రోజు పని మానుకుని ఇంట్లో చాప పరిచి ఉంచింది. పక్కన మడిచిన పేపర్లలో చెడిపోయిన కోతలు, పదో పన్నెండో.

దస్తగిరమ్మ ఆమె పక్కన కూర్చోలేదు. చాపకు అవతల ఎదురుగా కూర్చుంది.

"నన్ను సూసుకుంటా సెయ్యి. నా చెయ్యి యాపక్క పోతే నీ చెయ్యి ఆపక్కకే."

సుద్ద కదిలింది. ఇటు వంపు, అటు వంపు. కత్తెర దగ్గర మాత్రం ఆగింది. మామూలు కత్తెర ఎడమచేతిలో పట్టుకుంటే కత్తెర పై రెక్క గీతను కప్పేస్తుంది. దస్తగిరమ్మ పేపరును కొంచెం తిప్పి, గీతకు అవతలి వైపు నుంచి చూస్తూ నిదానంగా కత్తిరించమంది. మూడోసారికి వంపు వచ్చింది. భీమమ్మ ఆ ముక్కను తన చంక కింద పెట్టుకుని చూసుకుని, చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

"సిన్నప్పుడు మా నాయన ఈ చేతికి వాత పెట్టినాడక్కా" అంది.

దస్తగిరమ్మ ఆ చెయ్యి పట్టుకుని, కత్తెర మళ్లీ అందులోనే పెట్టింది.

తిరుగు బస్సులో అర్చన అంది: "టీచరమ్మా, వీడియోను అద్దంలో మాదిరి తిప్పే మీట పెట్టొచ్చు. ఒక్క దినం పని. ఇన్ని దినాలు మాకు తట్టలేదు."

"తిప్పితే టేపు మీద అంకెలు?"

అర్చన నాలుక కరుచుకుంది. అంకెలు కూడా తిరగబడతాయి. దాంతో మీట పెట్టడమే కాక, పన్నెండు పాఠాలూ మళ్లీ తీశారు. ఈసారి దస్తగిరమ్మ ప్రతి కొలతా నోటితో చెప్పింది. "ఏడున్నర. మళ్లీ సెప్తాండా, ఏడున్నర." వెనకబడినారనే మెసేజి తీసేయించింది. దాని బదులు తన గొంతుతోనే ఒక మాట పంపేట్టు చేయించింది: "ఏమ్మా, యాడ ఆగినావు? ఫోటో పంపు, సూస్తాను."

భీమమ్మ చివరి పాఠం అందరికంటే ఆలస్యంగా పూర్తి చేసింది. తర్వాత ఒకరోజు ఆదోనికి వస్తే, ఇద్దరూ షరాఫ్ బజారులో ఎడమచేతి కత్తెర కోసం నాలుగు అంగళ్లు తిరిగారు. అట్లాంటిది ఒకటి ఉంటుందని అంగడివాళ్లకే తెలియదు. చివరకు అర్చనే తెప్పించి పంపింది. ఇప్పుడు భీమమ్మ పని లేని దినాల్లో జాకెట్లు కుడుతోంది.

రెండో జట్టుకు అరవై ఒక్కమంది పేర్లు ఇచ్చారు. చేరేటప్పుడే మీది ఏ చేతి వాటం అని అడిగే ప్రశ్న అర్చన కొత్తగా పెట్టింది. అయిదుగురు ఎడమచెయ్యి అన్నారు. దస్తగిరమ్మ ఆ అయిదు పేర్లూ భర్తకు చదివి వినిపించింది.

"అరవైలో అయిదుగురా?" అన్నాడు బడే సాబ్.

దస్తగిరమ్మ మనసులో లెక్క వేసుకుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఈ గదికి ఎన్ని వందలమంది వచ్చారు! వాళ్లలో ఎడమచేతి పిల్లలని ఆమెకు తెలిసినవాళ్లు నలుగురే. మిగతావాళ్లు ఆమెకు చెప్పకుండా, కుడిచేత్తో అవస్థ పడుతూ, ఏ మిషను వెనక కూర్చున్నారో. ఒక్కొక్క మొహాన్నీ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. కొన్ని వచ్చాయి, చాలా రాలేదు. తరువాత లేచి ఫ్యాను ఆపి, కళ్లద్దాలు పెట్టుకుని, ఎడమచేతివాళ్లకు ముందే ఒక మాట చెప్పేట్టు మొదటి పాఠం ఇంకోసారి తీయడానికి పేపరు పరిచింది.