ఖాళీ క్యాబిన్‌లో రెండో అలారం

ఎవాంజలిన్ వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తుంది. పొద్దున్నే కేజీఎఫ్‌లో కంపెనీ బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. భర్త లియో సరుకు ఓడలో థర్డ్ ఇంజనీరు. ఇంట్లో ఆమె, మామ పీటర్. ఆయన కేజీఎఫ్ బంగారు గనులు మూసేదాకా భూగర్భంలో పనిచేసిన మనిషి.

పెళ్లయిన కొత్తలో లియో తన పని గురించి చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు. ఇప్పటి ఓడల్లో ఇంజిన్ రూములో రోజంతా మనిషి ఉండడట. పనివేళ అయ్యాక, ఆదివారాల్లో అయితే మధ్యాహ్నం నుంచే, అందరూ పైకి వచ్చేస్తారు. ఇంజిన్ తన పాటికి తాను తిరుగుతూ ఉంటుంది. ఏదైనా తేడా వస్తే డ్యూటీలో ఉన్న ఇంజనీరు క్యాబిన్‌లో బజర్ మోగుతుంది. అతను ముందు ఓడను నడిపే బ్రిడ్జి గదికి ఫోన్ చేసి, ఎక్కడికి పోతున్నదీ చెప్పి, ఒంటరిగా దిగుతాడు. కింద ఉన్నంతసేపూ కాసేపటికోసారి ఒక బటన్ నొక్కాలి. నొక్కకపోతే ఇంకో అలారం ఓడంతా మోగుతుంది. కిందికి పోయిన మనిషికి ఏదో అయిందని దానర్థం.

"అది ఎప్పుడైనా మోగిందా?" అని అడిగితే, "టెస్టింగ్‌కి మోగిస్తాము, అంతే" అని నవ్వాడు.

ఆ ఆదివారం ఓడ అరేబియా సముద్రంలో ఉంది. ఎవాంజలిన్, పీటర్ చర్చి నుంచి వచ్చి భోజనాలు ముగించాక లియో వీడియో కాల్ చేశాడు. వంటింటి పైకప్పు కారుతోందని, ఆ మరక చూపిద్దామని ఎవాంజలిన్ ఫోన్ పైకెత్తింది. అప్పుడే బజర్ మోగింది.

"పోవాల," అన్నాడు లియో.

"ఆగు, ఇది ఒక్కటి చూసి పో. నీళ్లు యాడ నుంచి దిగుతుండాయో చూడు."

లియో చూశాడు. "వచ్చి మాట్లాడతా" అని గోడకున్న ఫోన్ తీసి బ్రిడ్జికి చేశాడు. ప్యూరిఫయర్ రూముకు పోతున్నానని ఇంగ్లీషులో చెప్పడం ఆమెకు స్పష్టంగా వినిపించింది. ఇంజిన్‌కు పోయే ఆయిల్‌ను శుభ్రం చేసే గది అది. కాల్ కట్ చేయకుండానే వెళ్లిపోయాడు. తెర మీద మంచం, కుర్చీకి వేలాడుతున్న తువ్వాలు మిగిలాయి.

ఆమె ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి గిన్నెలు తోముకుంటోంది. కాసేపటికి క్యాబిన్‌లో మళ్లీ మోత మొదలైంది. మొదటి బజర్ లాంటిది కాదు. ఆగకుండా, పైకీ కిందికీ ఊగుతున్న మోత. అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సబ్బు చేతులతోనే ఫోన్ అందుకుంది.

"మామా! ఆయన బటన్ నొక్కలేదు!"

పీటర్ పరుగున వచ్చాడు. ఆమె లియో పేరు పెట్టి అరుస్తోంది. ఆయన ఆమె భుజం పట్టుకున్నాడు. "అరవద్దమ్మా. ఎవురైనా వస్తే వినపడాల గదా."

ఫోన్‌లో, క్యాబిన్ బయట అడుగులు వినిపించాయి. తలుపు తోసుకొని ఒకాయన లోపలికి తొంగిచూశాడు. ఓడలో కరెంటు పనులు చూసే శంకర్. లియో పైకి వచ్చేసి ఆ బటన్ అలారాన్ని ఆపడం మరిచాడేమోనని చూడడానికి వచ్చాడు.

"హీ వెంట్ డౌన్! హీ డిడ్ నాట్ కమ్ బ్యాక్!" అని ఎవాంజలిన్ అరిచింది. "ప్యూరిఫయర్ రూం!"

శంకర్ ఉలిక్కిపడి ఫోన్ వైపు చూశాడు. అదే మాట వాకీటాకీలో చెబుతూ పరిగెత్తాడు. కాసేపటికి మోత ఆగింది. ఆ తర్వాత బొమ్మ బిగుసుకుపోయింది. కాల్ తెగిపోయింది.

మళ్లీ మళ్లీ చేసింది. కలవలేదు. ఓడ కంపెనీ ఎమర్జెన్సీ నంబరులో ఎవరో చాలా మర్యాదగా, తమకింకా ఏ సమాచారమూ రాలేదన్నారు. పీటర్ తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తున్నాడు. ప్రార్థన చేద్దామని మోకరించినవాడు ఫోన్ చూడడానికి మళ్లీ లేచాడు. ఎవాంజలిన్ తలలో ఒకటే తిరుగుతోంది: ఆగు, ఇది ఒక్కటి చూసి పో.

పొద్దుగూకే వేళకు ఫోన్ మోగింది. శంకర్ గొంతు. "బతికే ఉన్నాడమ్మా, మాట్లాడండి," అని హిందీలో చెప్పి లియోకిచ్చాడు.

"నేనే. చెయ్యి కాలింది. మోకాలికి దెబ్బ తగిలింది."

"కండ్లు?"

"బాగుండాయి. సేఫ్టీ అద్దాలు పెట్టుకొనుంటి."

గొట్టం జాయింటు దగ్గర కాగే ఆయిల్ చిమ్ముతోందట. వాల్వు కట్టేసి వెనక్కి తిరిగేటప్పుడు నూనె మీద జారి పడ్డాడు. గది బయటికి పాకగలిగాడు గానీ బటన్ దాకా పోలేకపోయాడు. ఇద్దరు ఊపిరి మాస్కులు తగిలించుకొని దిగారు, ఒకరు మెట్ల పైన కాపలా ఉన్నారు. ఎక్కడున్నాడో తెలుసు కాబట్టి వెతకలేదు, నేరుగా వచ్చారు.

కొలంబోలో అతన్ని దింపారు. కట్టుతో ఇల్లు చేరాడు. చెయ్యి మానింది గానీ ఎవాంజలిన్‌కు మాత్రం నెమ్మది లేదు. ఆఫీసులో కరెంటు పోయి యూపీఎస్ కూస్తే లేచి నిలబడేది. పక్క సీటు సుప్రీత, "ఏమైంది ఎవాంజలిన్, బ్యాటరీనే గదా?" అంటే కూర్చునేది.

మళ్లీ ఓడెక్కమని పిలుపు వచ్చిన రోజు ఆమె అడిగేసింది. "ఆ పొద్దు నేను ఆపకుండా ఉంటే నీ చెయ్యి కాలుతుండెనా?"

"ఇంగ దాన్నే తలుచుకోవద్దు."

"చెప్పు."

లియో మానిన చెయ్యి చూసుకున్నాడు. "తెలీదు. ముందే పోయింటే తక్కువ కారుతుండెనేమో. లేకుంటే ముఖం మీదే చిమ్ముతుండెనేమో. నిజంగా తెలీదు."

అబద్ధం చెప్పి ఓదార్చనందుకు ఆమెకు కోపమూ వచ్చింది, కొంచెం ధైర్యమూ వచ్చింది.

"అయితే పో. డ్యూటీ రోజు మాత్రం నాకు ఫోన్ చేయొద్దు. నేను చేసినా ఎత్తొద్దు."

అతను వెళ్లాడు. మొదటి డ్యూటీ ఆదివారం ఎవాంజలిన్ బట్టలన్నీ ఉతికి, ఆరినవి ఇస్త్రీ చేసి, ఇస్త్రీ చేసినవే మళ్లీ మడతపెట్టింది. "ఫోన్ ఏమైనా వచ్చినాదా అమ్మా?" అని పీటర్ రెండుసార్లు అడిగాడు. "రాకూడదు మామా," అంది. రాత్రి ఇద్దరూ సరిగ్గా తినలేదు.

సోమవారం భోజనం వేళకు వేమగల్ క్యాంటీన్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. లియో గొంతు నిద్రతో బరువుగా ఉంది.

"నిన్న ఏమైనా మోగిందా?" అని ఎవాంజలిన్ అడిగింది.

"మోగింది. బ్రిడ్జికి చెప్పే దిగినా. పైకొచ్చి మళ్లా చెప్పినా."

"సరే. పండుకో పో," అంది. సుప్రీత ఆమె పళ్లెంలో ఇంకో ముద్ద వేసింది. ఎవాంజలిన్ వద్దనకుండా తినడం మొదలుపెట్టింది.