ఓడకి పట్టేంత వీడియో

మా తోటికోడల్ని లాండ్రీలో అందరూ గారడీ అక్క అంటారు. నిజానికి ఆవిడ గారడీ ఏమీ చెయ్యదు. గుడ్డముక్కలతో కుట్టి లోపల గింజలు పోసిన బంతుల్ని ఎగరేసి పట్టుకుంటుంది, అంతే. భోజనాల విరామంలో ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి మూడు బంతులు తిప్పుతుంటే మిగతావాళ్ళు డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని నోరెళ్ళబెట్టి చూస్తారు. ముందుగదిలో బట్టలకి నంబరు చీటీలు కట్టే పని నాది. నేను మాత్రం లేచి వెళ్ళను. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నాను, నాకు మొహం మొత్తింది.

ఆ విద్య ఆవిడకి నేర్పింది మా బావగారు. ఆయన సరుకుల ఓడలో వంటమనిషి. ఓడ వంటగదిలో బంగాళాదుంపలు ఎగరేస్తూ వీడియో తీసి, బంతులాట పిచ్చివాళ్ళంతా చేరిన ఒక ఆన్‌లైన్ గ్రూపులో పెట్టేవారు. ఆ గ్రూపులో కొత్తవాళ్ళకి ఆయనంటే హడల్. ఎవరు ఏ వీడియో పెట్టినా తప్పు పట్టకుండా వదిలేవారు కాదు. చూపు చేతుల మీద ఎందుకుంది, బంతి వెనకాల పరుగెందుకు, అని ఒకటే సాధింపు. సెలవులకి ఇంటికొచ్చినా అదే వరస. అన్నగారి ఎదురుగా మా ఆయన మంచినీళ్ళ గ్లాసు పట్టుకోవడానికి కూడా జంకేవారు.

అలాంటి మనిషికి ఓడలో కుడిచేతి మీద మరిగే నూనె పడింది. "కొంచెం కాలింది, తగ్గిపోయింది" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ తర్వాత వీడియో కాల్ ఎత్తడం మానేశారు. సిగ్నల్ లేదన్నారు. ఫొటో పంపమంటే పంపారు, కుడిచెయ్యి జేబులో ఉంది. ఇంకో ఫొటోలోనూ జేబులోనే ఉంది. గ్రూపులో ఆయన మాటే వినబడటం లేదు. అక్క ఎంత పొడుగు మెసేజ్ పెట్టినా "సరే", "బాగున్నాను", ఇంతే జవాబు.

అక్క ఏడవలేదు. ఇస్త్రీపెట్టెని మాత్రం బల్ల విరిగేలా నొక్కేది.

"ఆయన బంతి ముట్టుకోవడం లేదు" అంది ఒకరోజు, దుప్పటి మడతపెడుతూ.

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? ఆ మనిషి ఎవర్నీ తప్పు పట్టడం లేదంటే ఒంట్లో ప్రాణం లేనట్టే. ఇలాగే వదిలేస్తే ఇంటికొచ్చినా మనకి దొరకరు, చూడు."

అందుకని ఎడమచేత్తో మాత్రమే రెండు బంతులు తిప్పడం నేర్చుకుంటానంది. అది వీడియో తీసి గ్రూపులో పెడుతుందట. ఒంటిచేత్తో కూడా ఆడొచ్చని ఆయన చూడాలి, చూసి మళ్ళీ మొదలుపెట్టాలి. నేరుగా పంపితే "బాగుంది" అని ఊరుకుంటారు, నలుగురిలో పెడితే ఆయన నోరు ఊరుకోదు. ఈ ఎత్తు పారుతుందని నాకు నమ్మకం కుదరలేదు. అయినా ఏమీ అనలేదు. నేను ఏమీ అనకుండా ఉండటం మా ఇంట్లో వింత కాబట్టి, అక్కకి నా సంగతి తెలిసిపోయింది.

చిక్కల్లా ఓడ ఇంటర్నెట్‌తోనే. నడిసముద్రంలో అందరికీ కలిపి చుక్కలు చుక్కలుగా వస్తుంది. వీడియో కాస్త పెద్దదైతే తెరుచుకోదు. బాగా కుదించి పెట్టాలి.

మొదటిసారి హాల్లో తీశాం. వెనక పువ్వుల కర్టెన్, పైన ఫ్యాను, ఫోను నా చేతిలో. కుదించే యాప్‌లో అన్నిటికన్నా చిన్న సైజు నొక్కాం. తీరా చూస్తే కర్టెన్ ముద్దముద్దగా ఉంది, అక్క మొహం అలికేసినట్టుంది, బంతులైతే లేనే లేవు. వట్టి చెయ్యి గాల్లో ఆడుతోంది.

"ఈగలు తోలుతున్నట్టున్నావు" అన్నాను.

గ్రూపువాళ్ళూ ఇంచుమించు అదే అన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన మాత్రం ఓపిగ్గా వివరించాడు. వీడియోలో కదిలే ప్రతిదానికీ యాప్ కొంత చోటు ఇస్తుందట. ఫోను వణికింది, కర్టెన్ ఊగింది, ఉన్న చోటంతా వాటికే సరిపోయింది.

"మూటలో దుప్పట్లు కుక్కేస్తే జేబురుమాళ్ళకి చోటెక్కడుంటుంది!" అంది అక్క. ఆవిడకి అక్కడితో అంతా అర్థమైపోయింది.

కర్టెన్ తీసేసింది. గోడకి మేకులు కొట్టి మా పాత నల్లదుప్పటి కట్టింది. ఒక మూల ముడత కనిపించిందని దింపి, ఇస్త్రీ చేసి, మళ్ళీ కట్టింది. బంతులకి పసుప్పచ్చ గుడ్డ తొడిగింది. ఫ్యాను ఆపేసింది. ఫోనుని రెండు సబ్బుపొడి డబ్బాల మధ్య ఇరికించింది. అంటే నన్ను ఉద్యోగంలోంచి తీసేసిందన్నమాట.

అయినా సైజు పెద్దదే వచ్చింది. నా తెలివి చూపిద్దామని యాప్‌లో సెకనుకి ఇన్ని బొమ్మలని ఉండే లెక్కని సగానికి తగ్గించాను. వీడియో చటుక్కున చిన్నదైంది. నేను మురిసిపోతుంటే అక్క ముఖం చిట్లించింది.

"బంతి ఇక్కడ చేతిలో ఉంది, మరుక్షణం పైన తేలింది. మధ్యలో ఎటు పోయింది? ఇది చూసి ఆయన ఏం నేర్చుకుంటారే? విసరడం కనపడాలి."

బొమ్మలన్నీ తిరిగి పెట్టేసింది. బదులుగా వీడియో కొలతే తగ్గించింది. రెండు పక్కలా కోసేసి, నడుము నుంచి బంతి ఎగిరే ఎత్తు వరకూ సన్నటి నిలువు పట్టీ మాత్రం ఉంచింది. శబ్దం తీసేసింది. "నీ మొహం గుర్తుపట్టేలా లేదక్కా" అంటే "నా మొహం ఆయనకి తెలియనిదా? చెయ్యి తెలియాలి" అంది.

వీడియో చిన్నదైంది కానీ ఎడమచెయ్యి ఒక పట్టాన లొంగలేదు. మొదటి విసురు నుంచి చివరి పట్టు వరకూ అతుకు లేకుండా ఉండాలని గ్రూపు నియమం. బంతి జారితే మళ్ళీ మొదటికే. బంతులు సోఫా కిందికి దొర్లాయి, ఒకటి మా ఆయన కాఫీలో పడింది.

"వదినా, ఇల్లు ఖాళీ చెయ్యమంటే చేస్తాం గానీ, ఇలా కొట్టకండి" అన్నారాయన చొక్కా దులుపుకుంటూ.

చివరికి ఒకటి నిఖార్సుగా వచ్చింది. గ్రూపులో పెట్టాం. మెచ్చుకోళ్ళు బోలెడు వచ్చాయి. బావగారి నుంచి మాత్రం ఏమీ రాలేదు. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు. అక్క ఫోనుని ఇస్త్రీ బల్ల అంచున పెట్టుకుని, కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసేది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మనిషి ఛాతీలో ఉన్నది గుండెకాయా, బంగాళాదుంపా?

వారం తిరగకుండా ఒక మధ్యాహ్నం లోపలినుంచి "చెల్లీ!" అని కేక వినిపించింది. చీటీలు వదిలేసి పరుగెత్తాను. గ్రూపులో, అందరి ఎదుటా, బావగారు రాశారు.

"మోచెయ్యి ఎందుకు లేస్తోంది? బంతి విసురుతున్నావా, ఇస్త్రీ చేస్తున్నావా? మోచెయ్యి ఒంటికి ఆనించు. మణికట్టుతో విసురు. మళ్ళీ తీసి పెట్టు."

నిజమే. ఆవిడ ఇస్త్రీ చేసే చెయ్యి ఎడమదే. బరువైన పెట్టెని ఎత్తి ఎత్తి మోచెయ్యి దానంతటదే లేవడం అలవాటైపోయింది. మా అందరిలో ఎవరి కంటికీ అది ఆనలేదు. అక్క పకపకా నవ్వింది, నవ్వుతూనే మాసిన దుప్పట్ల కుప్ప మీద కూలబడి ఏడ్చేసింది. గ్రూపులో ఎవరో "ఆవిడని అంతలా తిట్టాలా అండీ" అని రాస్తే, కళ్ళు తుడుచుకుని "మీరు మధ్యలోకి రాకండి" అని జవాబిచ్చింది.

మోచేతిని గుడ్డపీలికతో నడుముకి కట్టేసుకుని ఇంకోటి తీసింది. దానికీ వంక పెట్టారు. మూడోసారికి అక్క వీడియో పెట్టలేదు. "చెప్తే తలకెక్కట్లేదండీ. మీరే చేసి చూపించండి" అని ఆయనకి రాసి, తర్వాత చాలాసేపు ఫోను వంక చూడటానికే భయపడింది. అంత ధైర్యం చెయ్యకుండా ఉండాల్సిందని నాకూ అనిపించింది.

ఆదివారం పొద్దున్న వచ్చింది వీడియో. గ్రూపులో కాదు, అక్కకి ఒక్కదానికే. ఆయన కూడా ఓడ వంటగది గోడకి దుప్పటి కట్టారు, పక్కలు కోసేశారు. ఎడమచేత్తో రెండు బంగాళాదుంపలు చక్కగా తిప్పారు. ఆపారు. కాసేపు ఊరికే నిలబడ్డారు. తర్వాత కుడిచెయ్యి జేబులోంచి తీసి, ఒక దుంపని దానిమీదికి విసిరారు. పడిపోయింది. వంగి తీసి మళ్ళీ విసిరారు. మళ్ళీ పడింది. అయినా ఆపలేదు.

బాగా కుదించిన వీడియో కావడంతో ఆ చెయ్యి చామనఛాయ ముద్దలా ఉంది, అంతే. అక్క వేళ్ళతో తెరని పెద్దది చేసింది. గళ్ళు గళ్ళుగా విడిపోయింది తప్ప ఏమీ తెలియలేదు.

"వేళ్ళు ఉన్నాయా అక్కా?" అన్నాను.

అక్క కూర్చుని టైపు చేసింది. "ఇది మరీ చిన్నగా ఉంది. కుదించకుండా పంపండి. నాకు మీ చెయ్యి చూడాలని ఉంది."

"ఇక్కడి సిగ్నల్‌కి ఎన్ని రోజులు పడుతుందో తెలియదు" అని వచ్చింది.

"పట్టనివ్వండి."

ఇద్దరం ఆ తెర వంకే చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి బావగారు రాశారు.

"పంపుతున్నాను. చూసి భయపడకు."