ఒడ్డున ఆపేసిన చప్పుడు

మా మావగారు పోయారు. పొగమంచులో దారి తప్పి, ఇసుక మేటకి తగిలి, పడవ తిరగబడింది. మర్నాటికి గానీ మనిషి దొరకలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట: "సముద్రం తీసుకుపోయిందమ్మా, ఆయుష్షు అంతే." ఆ మాట వినలేక ఇది రాస్తున్నాను. సముద్రాన్ని ఆడిపోసుకోకండి. ఆయన్ని వదిలేసింది ఒడ్డునున్నవాళ్ళు.

మాది దివిసీమలో సముద్రానికి ఆనుకున్న ఊరు. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర, సరుగుడు దుంగకి ఒక రైలు పట్టా ముక్క వేలాడుతుంటుంది. మంచు పట్టిందంటే పడవలకి దారి చెప్పేది అదే. ఒడ్డునున్నవాళ్ళు ఇనుప కడ్డీతో కొడుతుంటారు. ఆ చప్పుడు పట్టుకుని వచ్చిన మొదటి పడవ మనిషి, తడిబట్టలతోనే, కడ్డీ అందుకోవాలి. తరవాత వచ్చినవాడు అతని దగ్గర అందుకోవాలి. ఆఖరి పడవ వచ్చేదాకా కడ్డీ చేతులు మారుతూనే ఉండాలి. ఎవరూ రాసిపెట్టలేదు గానీ ఎవరూ తప్పేవాళ్ళు కాదు.

మావగారు నెమ్మదైన మనిషని అబద్ధం రాయలేను. కోపం ముక్కు మీదుండేది. కూరలో ఉప్పు తగ్గితే కంచం ముందే పేచీ. "ఈయన నోటికి తాళం పడేది పడవలోనే" అనేవారు అత్తగారు. అది నిజమని పెళ్ళైన కొత్తలోనే తెలిసింది. నేను గుడివాడ పిల్లని, సముద్రం కొత్త. సరదా పడితే ఒక పొద్దున్న ఎక్కించుకున్నారు. తిరిగొస్తుంటే మంచు కమ్మేసింది. తెరచాప కొస కూడా కనబడటం లేదు. భయంతో ఏదేదో వాగుతుంటే, "నోరుముయ్యి అమ్మాయ్!" అని కసిరారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన చాప సగం దించి, తల పక్కకి వాల్చి వింటున్నారు. చాలాసేపటికి ఎక్కడో సన్నగా ఠంగుమంది. చుక్కాని కొంచెం తిప్పారు. మళ్ళీ విన్నారు, మళ్ళీ తిప్పారు. అలా వింటూ వింటూ ఒడ్డుకి తెచ్చారు. ఆ కసురు తిన్నందుకే ఇవాళ బతికున్నాను.

దిగగానే కడ్డీ అందుకున్నారు. నేను వణుకుతూ, "మావయ్యగారూ, ఇంటికెళ్ళి వేడిగా టీ తాగుదామండీ" అన్నాను.

"నువ్వెళ్ళి తాగు. వెనకాల నీళ్ళలో ఉన్నోడి మాటేంటి?" అన్నారు, కొడుతూనే.

ఇప్పుడు అందరి పడవలకీ ఇంజన్లే. ఆయన పెట్టించుకోలేదు. "ఇంజనెక్కితే చెవులు ఒడ్డున దిగబెట్టి పోయినట్టే" అనేవారు. ముసలాడి చాదస్తం అని నవ్వారు. నవ్వితే నవ్వారు, మనిషిని కూడా మర్చిపోవాలా? ఆ రోజు ఆయన తప్ప మా ఇంటిల్లిపాదీ అత్తగారి కంటి ఆపరేషనుకి బందరులో ఉన్నాం. ఇంజను పడవలు ఒక్కొక్కటే వచ్చేశాయి. ఆఖరున వచ్చింది మా పక్కింటతను, నాకు మరిది వరస. కడ్డీ అందుకుని కాసేపు కొట్టాడు. ఆగి విన్నాడు. నీళ్ళ మీద ఏ ఇంజను చప్పుడూ లేదు. అందరూ వచ్చేశారనుకున్నాడు. కడ్డీ అక్కడ పెట్టి ఇంటికెళ్ళిపోయాడు.

తెరచాపకి చప్పుడుండదు. ఆ సంగతి సముద్రం పక్కన పుట్టినవాడికి గుడివాడ నుంచి వచ్చిన నేను చెప్పాలా? అంతమందిలో పెద్దాయన వచ్చాడా అని అడగడానికి ఒక్క నోరు లేకపోయింది! పెద్దకర్మకి మాత్రం అందరి నోళ్ళూ లేచాయి. దేవుడులాంటి మనిషన్నారు. ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆయన నవ్వుతున్నారు. ఆ నవ్వు ఫొటో షాపువాడిది, మా ఇంట్లో ఎవరం ఎరగం. మాకు ఆయన కసుర్లే మిగిలాయి, అవే చాలు.

మొన్న మళ్ళీ మంచు పట్టింది. మొగ దగ్గరికి వెళ్ళి నేనే కడ్డీ తీసుకున్నాను. ఎవరొచ్చి అడిగినా ఇవ్వలేదు. పడవలన్నీ వచ్చాయి. ఆఖరున మళ్ళీ ఆ పక్కింటతనే వచ్చాడు. తల దించుకుని చెయ్యి చాపాడు.

"ఇటివ్వు వదినా. అందరూ వచ్చేశారు."

"ఎవరు చెప్పారు?" అన్నాను.

అతను ఇంటికి వెళ్ళలేదు. నా పక్కనే నిలబడి మంచులోకి చెవి ఒగ్గాడు. మంచు విడిచి, నీళ్ళ మీద ఒక్క తెరచాపా లేదని నా కళ్ళతో చూసేదాకా కొడుతూనే ఉన్నాను.