పులిగడ్డ రేవులో లారీ డ్రైవరు

మా ధాన్యం మిల్లు లారీ నడిపిన డ్రైవరు అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు. బస్సు ఖర్చెందుకని ఒకసారి అవనిగడ్డ నుంచి గుడివాడకు ఆ లారీలోనే బయలుదేరాను. వెనక బస్తాల ట్రైలరు తగిలించి ఉంది. పులిగడ్డ రేవులో బళ్లను అవతలికి దాటించే పంటు ఎక్కాలంటే కరకట్ట మీంచి ఏటి ఒడ్డుకు దిగాలి. దిగుడు మొదట్లోనే అతను ఒక పిడి లాగాడు. ఇంజను మూలిగింది.

“ఏమైందయ్యా?”

“పొగ గొట్టానికి మూతేశానండి అమ్మగారూ. పొగ బయటికి పోలేక ఇంజను బిగుసుకుని చక్రాల్ని పట్టుకుంటది. ట్రైలరు ఎంత తోసినా నిదానంగా దిగుతాం. బ్రేకులు కాలవు.”

“గేరు తీసేసి వదిలేస్తే డీజిలు మిగులుతుందిగా?”

“మా తమ్ముడూ అట్టాగే అనుకున్నాడండి. గేరు తీస్తే ఇంజనుకీ చక్రాలకీ పొత్తు తెగిపోద్ది. ఇంక మూతేసినా లాభం లేదు. ట్రైలరు తోసేసింది. ఈ రేవులోనేనండి. లారీని పైకి తీశారు గానీ వాడు దొరకలేదు.”

ఒడ్డున లారీ ఆపి కిందికి దిగాడు. నీళ్ల మీదికి వంగి, ఇంట్లో మనిషితో అన్నట్టే అన్నాడు.

“ఒరే, కాస్త పక్కకి జరుగు. బండి ఎక్కుతోంది.”

“చాదస్తం! పద, పొద్దుపోతోంది” అని కసిరాను.

అతను కదల్లేదు. కాసేపు చూసి, సరేనన్నట్టు తలూపి వచ్చి బండి తీశాడు.

చక్రాలు పంటు మీదికి ఎక్కేదాకా నేనూ ఆ నీళ్లకేసే చూస్తూ కూర్చున్నాను, జరిగాడో లేదోనని.