కుదుపు తగలని పెట్టె

హన్మయ్య పేరెత్తితే ఉప్పల్ ఆఫీసువాళ్లు ఇప్పటికీ ‘అంకితభావం’ అంటారు. అంకితభావానికి గేటు దగ్గర కుర్చీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

జనగామ వైపు నుంచి నాచారం వచ్చి, ఎనభైల్లో భూమిని పరిశోధించే ఆ ఆఫీసులో రోజుకూలీగా చేరాడు. అతని పని జీపులో పెట్టెను ఒడిలో పట్టుకుని కూర్చోవడం. నవ్వకండి. అది గ్రావిటీ మీటర్. లోపల సన్నని స్ప్రింగుకు చిన్న బరువు వేలాడుతుంది. నేల ఆకర్షణ వెంట్రుకవాసి మారినా చూపిస్తుంది. కొండల్లో ఆకర్షణ ఉండాల్సినదానికన్నా తగ్గితే, కింద తేలిక రాయి లోతుకు దిగి పైబరువును మోస్తోందని, భూపటలం అక్కడ మందంగా ఉందని లెక్క. ఈ లెక్క చెడడానికి జీపు ఒక్క గుంతలో పడితే చాలు. అందుకే పొద్దున కొలిచిన చోటే సాయంత్రం మళ్లీ కొలుస్తారు. రెండూ కలవకపోతే ఆ రోజు పని చెత్తబుట్టకే.

పెట్టె హన్మయ్య ఒడిలో ఉంటే కలిసేవి.

“నా పెండ్లాన్ని గూడ గింత పదిలంగ పట్టుకోలే సార్,” అనేవాడు.

అరకు ఘాట్లో జీపు బోల్తా పడింది. హన్మయ్య పెట్టెను గుండెకు హత్తుకున్నాడు. మోకాలు తలుపు కింద నలిగింది. సైంటిస్టు విశ్వనాథం బయటికి పాకి అడిగిన మొదటి మాట, “మీటర్ ఎలా ఉంది?”

“దానికేం గాలే సార్. నా మోకాలే...”

“ముందు దాన్ని నిటారుగా పెట్టు.”

వేరే బండిలో ముందుగా మీటరే, పొద్దున కొలిచిన చోటికి వెళ్లింది. రీడింగులు కలిశాయి. తర్వాత హన్మయ్య దవాఖానాకు వెళ్లాడు.

మోకాలు ఇక మడత పడలేదు. డ్యూటీలో తగిలిన దెబ్బ కాబట్టి గేటు దగ్గర కూర్చునే పని ఇమ్మని అడిగాడు. విచారణ పెట్టారు. అప్పటికి కనుమల కింద భూపటలం మందం మీద విశ్వనాథం పేపరు అచ్చయింది, ఆ రోజు రీడింగులతో సహా. బోల్తా పడిన జీపులోని మీటర్ రీడింగులు ఎవరు నమ్ముతారు?

“పక్కకు ఒరిగింది, అంతే,” అన్నాడు విశ్వనాథం. “పడి ఉంటే రీడింగులు కలిసేవా?”

డ్రైవర్ కనకరాజు తన నౌకరీ చూసుకుని, “ఒరిగింది సార్,” అన్నాడు.

విచారణకు బయల్దేరే ముందు, ఆ పొద్దున భార్య మల్లవ్వ చిలక్కు చెప్పినట్టు చెప్పి పంపింది: “డబ్బకు దెబ్బ తగిలిందను. ఒక్క మాట. నీ నోరేం అరగదు.”

విచారణాధికారి జనార్ధనరావు అడిగాడు. “పెట్టెకు దెబ్బ తగిలిందా?”

హన్మయ్య మడత పడని కాలును చేత్తో పక్కకు జరుపుకున్నాడు.

“తగల్లే సార్. నేనుండంగ ఎట్ల తగుల్తది?”

“పెట్టెకే తగలకపోతే ఇంక బోల్తా ఎక్కడిది?”

మోకాలి దెబ్బ ఇంట్లో తగిలిందని తేల్చారు.

మల్లవ్వ నాచారంలో ఫ్యాక్టరీ పనికి కుదిరింది. “డబ్బ ఇజ్జత్ దక్కింది. బువ్వ గూడ దాన్నే పెట్టమను,” అనేది పోతూ పోతూ.

కొన్నాళ్లకు విశ్వనాథం కొత్త కూలీ పాండురంగను, పెట్టె పట్టుకునే పద్ధతి నేర్చుకొమ్మని హన్మయ్య ఇంటికే పంపాడు. హన్మయ్య బియ్యం డబ్బా అతని ఒడిలో పెట్టి, మోకాళ్లు దగ్గరికి జరిపించాడు.

“జీపు బోల్తా పడితే ఎట్లనే అన్నా?”

“పడదు,” అన్నాడు హన్మయ్య. “ఆఫీసుల రాసిన్రు గద.”