బీమా కార్డులోని ఫొటో

ఆధార్ కార్డులు కొత్తగా వచ్చిన రోజులవి. నేనూ యోహానూ విజయనగరం దగ్గర జూట్ మిల్లులో పనిచేసేవాళ్లం. మధ్యాహ్నం క్యారేజీ విప్పగానే అతను ప్రార్థన చేసేవాడు. దేవుడు లేడని నేను వాదన మొదలుపెట్టేవాణ్ణి.

"నీ నోటికి దండం బావా, ముందు కూడు తిను. దేవుడెక్కడికీ పోడు" అని నవ్వేవాడు.

ఆ వేసవిలో పచ్చకామెర్లు ముదిరి అతని భార్య మరియమ్మ చనిపోయింది. జ్ఞాపకార్థ కూడికకు పెద్ద ఫొటో చేయించాలని నన్ను స్టూడియోకు తీసుకెళ్లాడు. జేబులోంచి మిల్లువాళ్లు ఇచ్చిన బీమా కార్డు తీశాడు. ఆమె ఫొటో ఉన్నది దాని మీదే. అలాంటి కార్డుతోనే అంతకుముందు ఏడాది నా భార్యకు ఉచితంగా ఆపరేషన్ జరిగింది.

నాకు ఒళ్లు మండింది. "ఇది దగ్గరుంచుకుని ప్రార్థనలు చేస్తూ కూర్చున్నావా? నీ నమ్మకమే ఆమెను చంపేసింది!" అని అందరి ముందూ అరిచాను.

యోహాను బిత్తరపోయాడు. "అదేటి బావా? ఆస్పత్రికి తీసుకెల్లినాను. డబ్బులు కట్టమన్నారు, నాకాడ నేక ఇంటికి తెచ్చేసినాను. మిల్లులో దెబ్బ తగిలితేనే కదా ఈ కార్డు? ఫొటో దిగిన రోజున నువ్వే సెప్పినావు."

అవును, నేనే చెప్పాను. కార్డుతో ఇచ్చిన కాగితం చదవకుండానే చెప్పాను. ఇంటిల్లిపాదికీ వర్తిస్తుందని నా భార్య ఆపరేషన్‌నాడు తెలిసినా, ఆ మాట అతనితో అనాలని నాకు తోచలేదు. మధ్యాహ్నాలన్నీ దేవుడి మీదే ఖర్చుపెట్టాను.

ఎవరేం చెప్పినా రుజువు అడగమని ఊరూరా ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. యోహాను నన్ను రుజువు అడగలేదు. అతని నమ్మకమే మరియమ్మను చంపిందన్నాను. నిజమే. అతను నమ్మింది నన్ను.