నొప్పి తగ్గిన సాయంత్రం

నేను చేసిన బేరాలన్నిటిలోకి గొప్పది సుల్తానాబాద్‌లో ఒక లారీ డ్రైవర్‌తో చేసిందే. అతను ముప్పై రూపాయలు అడిగాడు. ముప్పైకి ముప్పై మిగిల్చాను. మా బజారులో అంతకన్నా బాగా బేరమాడినవాడు ఇంకొకడుంటే చూపించండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు అది. ఊరంతా ఫ్లూ జ్వరం. సగం దుకాణాలకు తాళాలు. తెరిచిన వాటిలో మాటలకన్నా దగ్గులే ఎక్కువ వినిపించేవి. మా కిరాణా కొట్టులో శొంఠి, మిరియాలు అయిపోతే మళ్లీ తెప్పించాను. ధర కూడా పెంచాను, దాచడమెందుకు.

నా తమ్ముడికప్పుడు పందొమ్మిదేళ్లు. జ్వరం వచ్చిన మూడోరోజు కడుపులో కుడిపక్క కింద చెయ్యి పెట్టుకుని నొప్పి అన్నాడు. ఆ రోజుల్లో దగ్గీ దగ్గీ అందరికీ కడుపు నొప్పే. నాకూ వచ్చి పోయింది.

"దగ్గుకు నరాలు గుంజినయిరా. రెండు దినాలల్ల పోతది," అన్నాను.

అవ్వ, అంటే మా అమ్మ, ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టింది. మరునాటికి వాడు మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఒక పక్కకే పడుకున్నాడు. దగ్గు వస్తే కడుపు కదులుతుందని తువ్వాలు నోట్లో కుక్కుకుని ఆపుకుంటున్నాడు.

"గిది దగ్గు నొప్పి కాదు బిడ్డా. కరీంనగర్ దవాఖానకు తీస్కపో," అంది అవ్వ.

డ్రైవర్లకూ జ్వరాలే కాబట్టి బస్సు పొద్దున ఒక్కటే నడుస్తోంది. అది వెళ్లిపోయింది. మధ్యాహ్నం మిల్లు ముందు మాత్రం సరుకు దించిన లారీ ఒకటి ఖాళీగా కరీంనగర్ పోవడానికి సిద్ధంగా ఉంది.

"మా తమ్ముడు పండుకొని పోవాలె. ఎంత తీస్కుంటవ్?" అని అడిగాను.

"ముప్పై ఇయ్యి సేటు," అన్నాడు డ్రైవర్.

"ముప్పైకి నీ లారీ టైర్లే వస్తయ్. పది."

"టైర్లు నువ్వే కొనియ్యి, నీ తమ్మున్ని ఉత్తగనే తీస్కపోత. ఇర్వై ఐదు, గిదే ఆఖరు."

"పన్నెండు."

"మనిషికి పాణం బాగలేదంటున్నవ్. గిది ఉల్లిగడ్డల బేరమా సేటు?"

బజారులో పెరిగినవాడి దగ్గర చివరికొక ఉపాయం ఉంటుంది. వెనక్కి తిరిగి నడవాలి. తల తిప్పి చూడకూడదు. పది అడుగులు వేసేలోపు వెనక నుంచి పిలుపు వస్తుంది. మా నాన్న నాకు తూకం కన్నా ముందు ఆ నడక నేర్పాడు. నేను నడిచాను. పిలుపు రాలేదు, ఇంజన్ చప్పుడు వచ్చింది. లారీ నా పక్కనుంచే మెల్లగా పోయింది. చెయ్యెత్తితే ఆగేవాడే. ఎత్తితే ఇరవై ఐదు ఒప్పుకున్నట్టే కదా. ఎత్తలేదు.

ఇంటికొచ్చాక లోపలికి పోకుండా ముందుగదిలోని దుకాణంలోనే కూర్చున్నాను. పొద్దుగూకుతుండగా లోపలినుంచి తమ్ముడు పిలిచాడు. వెళ్లి చూస్తే కాళ్లు చాపుకుని, గోడకానుకుని కూర్చున్నాడు.

"అన్నా, నొప్పి పోయింది. ఒక్కపారే పోయింది."

అప్పుడు నా మొహం వెలిగిపోయి ఉంటుంది. "చూసినవా అవ్వా? జర ఆగితే ఉత్తగనే తగ్గింది. గా లారీవోడు మనల ముంచుతుండె!"

లారీ సంగతి విని తమ్ముడు నవ్వాడు. "నా మీద గూడ బేరమాడితివా? ఎంతకు వచ్చినవ్?"

"పన్నెండు."

"గంతేనానే! చక్కెర బస్తాలకు గూడ గంతకెక్కువ కిరాయి ఇస్తవ్ గదనే."

ముగ్గురం నవ్వాం. అవ్వ జావ కాచి పోసింది.

తెల్లవారేసరికి వాడి కడుపు చెక్కలా బిగిసిపోయింది. ఒళ్లంతా చల్లటి చెమట. కుక్కపిల్లలా ఎగశ్వాస. పొద్దున బస్సులో ఒళ్లో పడుకోబెట్టుకుని తీసుకుపోయాను.

కరీంనగర్‌లో డాక్టరు కడుపు మీద వేళ్లు పెట్టి, "నొప్పి మధ్యలో ఏమైనా తగ్గిందా?" అని అడిగాడు.

"తగ్గింది సార్! నిన్న పొద్దుగూకంగ మొత్తం పోయింది," అన్నాను, మంచి కబురు చెప్పినట్టు.

ఆయన వేళ్లు తీసి దుప్పటి కప్పాడు. "తగ్గలేదయ్యా. పేగుకు చివర వాచిన తిత్తి పగిలింది. పగలగానే బిగువు పోయి కొంతసేపు హాయిగా ఉంటుంది. తర్వాత చీము కడుపంతా పాకుతుంది. దీనికి తోడు ఫ్లూ ఊపిరితిత్తుల్లోకి దిగింది. మత్తు ఇవ్వాలన్నా భయమే."

అయినా కోశారు. కడుపు కడిగారు. వాడు మత్తులోంచి లేచాడు కానీ ఊపిరి అందలేదు. మూడోరోజు మధ్యాహ్నం పోయాడు.

ఇంకేమైనా చేసి ఉండవలసిందా అని డాక్టర్‌ను అడిగాను. "ముందురోజు తెచ్చినా, ఆ ఊపిరితిత్తులతో బతికేవాడని చెప్పలేను," అన్నాడు. ఆ మాటను మూట కట్టుకుని ఇంటికి తెచ్చాను. అవ్వకు చెప్పేటప్పుడు దాన్ని కొంచెం సవరించాను. చుట్టాలకు చెప్పేటప్పుడు ఇంకొంచెం. ఏడాది తిరిగేసరికి అది "ఎప్పుడు తెచ్చినా బతకడన్నాడు" అయింది. తప్పుడు తూకం నాకు కొత్త కాదు, కానీ ఆ సరుకు నేనే కొనుక్కున్నాను.

అవ్వ నన్నెప్పుడూ ఏమీ అనలేదు. నాకు జ్వరమొచ్చి తగ్గినప్పుడల్లా మాత్రం పక్కన కూర్చుని, "నిజంగనే తగ్గిందా, మళ్ల జూసుకో," అనేది. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా నొప్పి పోయిందంటే వెంటనే నమ్మలేను. గోడ వైపు చూస్తాను. అక్కడ వాడు కాళ్లు చాపుకుని నవ్వుతూ ఉంటాడు.

ఇక లెక్క. డాక్టరు బతకడనలేదు, చెప్పలేనన్నాడు. అంటే కొంత ఆశ ఉంది. పావలా వంతో, అణా వంతో, ఎంతైనా అది నా తమ్ముడిది, నేను బేరం పెట్టడానికి నాది కాదు. జ్వరం వాటా జ్వరానిదే. లారీ పోయిన ఆ మధ్యాహ్నం నుంచి తెల్లవారేదాకా పోయిన సమయం మాత్రం పూర్తిగా నాది.